మొలతాడులో గేలం

ఒడిలో బరువు రెండు కిలోల నాలుగు వందలు, చుట్టిన గుడ్డలు తీసేస్తే రెండుంపావు. నలభై ఏళ్ళు నెత్తిన చేపల బుట్ట మోసిన జగ్గమ్మకి ఆ మాట చెప్పడానికి తక్కెడ అక్కర్లేదు, తొడలకే తెలుస్తుంది. పుట్టినప్పుడు కిలో నూటయాభై, అంటే ఓ మాదిరి చందువ చేప, లంజిపల్లిలో వకీలు గారింటావిడ చూసి ఇంతకన్నా పెద్దది లేదా అని వెనక్కిచ్చే రకం. ఆ చందువంత పిల్ల గాజుపెట్టెలో అరవై రోజులు పడుకుంది, ముక్కులో గొట్టంతో పాలు తాగింది, ఊపిరి తియ్యడం మరిచిపోయినప్పుడల్లా నర్సు అరికాలి మీద వేలితో తడితే మళ్ళీ గుర్తు తెచ్చుకుంది, ఎలాగైతేనేం ఇంటికొచ్చి పదహారు రోజులైంది. లెక్క ప్రకారం అసలు పుట్టాల్సింది ఈ వారం. ఈ వారం పుట్టాల్సిన పిల్లకి రెండున్నర నెలల వయసు, ఇంకా పేరు లేదు, కాగితాల్లో రింకి బిడ్డ అనే రాస్తున్నారు. రింకి జగ్గమ్మ కూతురు, పక్కనే బల్ల మీద ఫైలు గుండెకి హత్తుకుని కూర్చుంది, గడియారం వైపు చూస్తోంది, పిల్ల వైపు చూస్తోంది, మళ్ళీ గడియారం. పదకొండూ పది. పదిన్నరకి పాలిచ్చింది, పది నలభైకి పిల్ల కళ్ళు మూసింది. నిద్రపోవాలి, పోతూనే ఉండాలి, ఇవాళ తలకాయ లోపలి ఫొటో తీసే ఈ బరంపురం సెంటర్లో వాళ్ళిద్దరికీ కావలసింది అదొక్కటే.

ఎందుకంటే నిన్ననే కమలాకుమారి నర్సు ఫోన్లో విడమరిచి చెప్పింది. పెద్దవాళ్ళయితే కదలొద్దంటే కదలరు, కొంచెం పెద్ద పిల్లలకైతే నిద్రమందు ఇస్తారు, దీనికి ఊపిరితిత్తులు ఇంకా గట్టిపడలేదు కాబట్టి మందు ఇవ్వరు. కడుపునిండా పాలు పట్టి, చేతులూ కాళ్ళూ కదలకుండా గుడ్డలో చుట్టి, తనంతట తను నిద్రపోయాక మిషన్లో పెడతారు. అరగంట కదలకూడదు. లేచి ఏడిస్తే ఇవాళ్టికి అయిపోయినట్టే, మళ్ళీ తారీఖు ఇరవై అయిదు రోజుల తర్వాత, అప్పటికి పిల్ల ఇంకాస్త పెరిగి గుడ్డలో నిలవదు, మందే ఇవ్వాలి, డాక్టర్ గారికి అది ఇష్టం లేదు. ఇవాళ ఇక్కడికొచ్చాక ఆ చుట్టే పని రింకికి రాలేదు. తను ప్లస్ టూ చదివింది, ఫోన్లో వీడియో చూసి చుట్టింది, రెండు నిమిషాల్లో పిల్ల చెయ్యి బయటికి లాగి మొహం మీద గీరుకుంది. జగ్గమ్మ పాత నేత చీర ముక్కతో ఒక్క మడత, రెండో మడత, కాళ్ళ దగ్గర మెలి, రొయ్యల పొట్లం కట్టినట్టు కట్టింది. పిల్ల ఓసారి మూతి సున్నాలా చుట్టి నిద్రలోకి జారిపోయింది. అది చూసి నర్సు, అయితే లోపలికి నువ్వే రా అమ్మా, నీ చేతిలో అయితే లేవదు అంది. అలా లోపలికెళ్ళే మనిషి జగ్గమ్మ అయింది.

లోపలికెళ్ళే మనిషి ఒంటి మీద కూడా లోహం ఉండకూడదట. ముక్కు పుడక సబ్బు రాస్తే వచ్చింది. చెవుల దుద్దులు పన్నెండో ఏట పెట్టినవి, రింకి పళ్ళు బిగించి మెలితిప్పితే వచ్చాయి. మెట్టెలు. రవికకి పిన్నీసు. పుస్తెల దగ్గర ఆగింది. తెల్లారగట్ల అప్పలరాజు తెప్ప తోసుకుని సముద్రం మీదికెళ్ళాడు, ఇంకా ఒడ్డెక్కి ఉండడు, మగడు నీళ్ళ మీదుండగా పుస్తెలు తియ్యడం వాళ్ళ వీధిలో పుట్టి పెరిగిన ఏ ఆడదీ చెయ్యదు. అందుకే, లోపలికి తనే వెళ్ళాల్సొస్తుందేమోనని, నిన్న సాయంత్రమే పసుపుతాడుకి పసుపుకొమ్ము కట్టి సిద్ధం చేసుకుంది, ముందు అది మెడలో వేసుకుని, తర్వాత బంగారం తీసి, కళ్ళకద్దుకుని, నర్సు పట్టుకున్న స్టీలు ట్రేలో పెట్టింది. నర్సు ఆ ట్రే కిటికీ పక్క అలమరాలో పెట్టి తాళం వేసి, సంటిదాని ఒంటి మీద కూడా ఏటీ ఉండకూడదమ్మా, గాజులు, తాయెత్తు, మొలతాడు, ఏటీ, అన్నీ తీసేసినావా అంది. తీసేసినాను అంది జగ్గమ్మ. ఆ మాట ఎంత తేలిగ్గా వచ్చిందంటే, నిన్నటి చేపని ఇవాళ్టిదని చెప్పినంత తేలిగ్గా.

తియ్యలేదు. మగడు కట్టింది తీసిన మనిషి పిల్లకి తను కట్టింది తియ్యలేదు. చీర ముక్క మడతల కింద, పిల్ల మొలకి నల్లతాడుంది, తాడుకి బఠాణీ గింజంత నల్లగుడ్డ మూట ఉంది, మూటలో గేలం ఉంది. రింకి అది వస కొమ్మనుకుంటోంది, లోహం కాదు గదా అని ఊరుకుంది. జగ్గమ్మ అత్త గురువమ్మ చెప్పేది, నెలలు నిండని బిడ్డంటే కట్టు తెగిన తెప్పమ్మా, ఏ గాలికి ఆ గాలికి పోతాది, పుట్టిన రాత్రి తెల్లారేలోగా ఇనపగేలం మొలకి కట్టి ఈ లోకానికి తగిలించాల, లేపోతే గాలి తలకాయలోకి దూరతాది. కట్టినట్టు మాత్రం ఎవులికీ సెప్పకూడదు, సెప్తే దాని జోరు నీళ్ళలో కలిసిపోతాది. అందుకని జగ్గమ్మ రింకికి చెప్పలేదు, అల్లుడికి చెప్పలేదు, అప్పలరాజుని మాత్రం ఒక గేలం ఇమ్మంది. ఏ నెంబరు అన్నాడతను. అన్నిటికన్నా సిన్నది అంది. మొన అరగదీసి, ముల్లు కొట్టేసి, గుచ్చుకోకుండా ఉంగరంలా వంచి తెచ్చి చేతిలో పెట్టి అటు తిరిగి వల బాగుచేసుకున్నాడు. మగవాళ్ళకి తెలుస్తుంది, అడగరు.

గాజుపెట్టెలో ఉన్న అరవై రోజులూ దాన్ని కట్టనివ్వలేదు. కట్టనిచ్చేదేమిటి, చేతులు మోచేతుల దాకా కడుక్కుంటే గాని లోపలికే రానివ్వలేదు. అప్పుడు జగ్గమ్మ ఆ వార్డు ఎటువైపుందో కనుక్కుని, వెనక సందులోకి వెళ్ళి, కిటికీ చువ్వకి గేలం కట్టింది. గోడకి ఇటు గేలం, అటు పిల్ల. రోజూ చేపలు అమ్ముకుని ఖాళీ బుట్టతో ఆ సందులోంచే నడిచి, ఉందా లేదా చూసుకుని బస్సెక్కేది. వాచ్‌మన్ ఒకరోజు, ఏటి మావుసీ, ఈ సందులో నీ బేరాలెవలూ లేరు గదా అని నవ్వాడు. ఉన్నారులే అంది. ఇంటికి తెచ్చిన రోజు చువ్వకున్నది విప్పి, తుప్పు తుడిచి, గుడ్డలో కుట్టి మొలకి కట్టింది. పదహారు రోజులుగా పిల్ల పాలు తాగుతోంది, బరువు పెరుగుతోంది. ఇవాళ, తలకాయ లోపల ఏముందో చూసే రోజున, అది విప్పెయ్యడమా. నర్సు ఏదో గాజులూ గొలుసులూ ఫొటోలో అడ్డమొస్తాయని చెప్పి ఉంటుంది, గుడ్డ లోపల, మడత లోపల, మూట లోపల ఉన్న ఆవగింజంత ఇనుము ఎవరికి అడ్డం.

లోపల మిషన్ మోగుతోంది. తలుపు వేసి ఉన్నా వినిపిస్తోంది, డబడబడబ, కాసేపు ఊరుకుని మళ్ళీ కొత్త వరస. పిల్లకి ముందు ఒక ముసలాయన వెళ్ళాడు, నడుము ఫొటో. ఆయన కొడుకు ఎదురు బల్ల మీద పాన్ నములుతున్నాడు, హల్దియాపదర్‌లో ఆటో నడుపుతాడట, వచ్చినప్పట్నుంచీ నోరు ఊరుకోలేదు, ఆటో పాస్ దగ్గర్నుంచి వానల దాకా అన్నీ చెప్పాడు. పిన్నమ్మా, సంటిదానికేటయింది అనడిగాడు. నెలలు నిండకుండా పుట్టింది, తలకాయలో రగతం సిందిందట అంది జగ్గమ్మ. రింకి చురుగ్గా చూసింది. ఎందుకు చెప్పకూడదు, జ్వరం చెప్పమా. చెప్పకూడనిదొక్కటే ఉంది, అది చెప్పలేదు.

రక్తం చిందిందని మూడోరోజునే తెలిసింది. గాజుపెట్టె దగ్గరికి చక్రాల మిషన్ తోసుకొచ్చి, పిల్ల మాడు మీద చల్లటి జిగురు పూసి, నిమ్మకాయంత ముక్క ఆనించి, తెరమీద చూశారట. రింకి వచ్చి చెప్పింది. మాడు మీదేనా అని రెండుసార్లు అడిగింది జగ్గమ్మ. మాడు మీద ఆముదం పెట్టొద్దని, అక్కడ ఎముక మూసుకోలేదని, వేలు కూడా తగలకూడదని తనని కేకలేసిన వాళ్ళే సరిగ్గా అక్కడ జిగురు పూశారు. ఎముక లేదు కాబట్టే అక్కడ పెడతారట, అది కిటికీ అట. అదయితే తనకి కొత్త కాదు, పుట్టిన ప్రతి పిల్లకీ అరచెయ్యి అక్కడే ఆనిస్తుంది, లోతుకి దిగితే ఒంట్లో నీళ్ళు తగ్గాయి, ఉబ్బితే గండం, మెత్తగా కొట్టుకుంటుంటే ఫరవాలేదు. ఆ మిషన్ శబ్దం లోపలికి పంపి, తగిలి తిరిగొచ్చిన శబ్దంతో బొమ్మ గీస్తుందని డాక్టర్ చెప్తే రింకి మొగుడు తెల్లమొహం వేశాడు, జగ్గమ్మకి మాత్రం వెంటనే ఎక్కింది. అప్పలరాజు తెప్ప ఆపి, తెడ్డు నిలువుగా నీళ్ళలో దించి, పిడి చెవికి ఆనించుకుని, గొరక చేపల గుంపు ఎటుందో చెప్పేవాడు, అడుగున గొరకలు గుర్రుమంటుంటే కర్రలోంచి పైకి వస్తుందట ఆ చప్పుడు. వినే చెవి ఉండాలి అనేవాడు. డాక్టర్లకీ అలాంటి చెవే ఉందనుకుంది. నలుపు ఉండాల్సిన చోట తెలుపుంది అన్నారు. మెదడులో కుడివైపు నీళ్ళగదిలో సన్న నరం చిట్లి రక్తం చేరింది, గది గోడ దాటి పక్కకి కొంచెం పాకింది. వారానికోసారి చూశారు, గడ్డ కరుగుతోంది, గది మరీ పెద్దదవలేదు. కానీ కిటికీలోంచి చూస్తే మూలలు కనపడవు కదా, పుట్టాల్సిన రోజు దగ్గరపడ్డాక పెద్ద మిషన్లో ఇల్లంతా చూస్తాం, ఏం మిగిలిందో ఏం పోయిందో అప్పుడు తెలుస్తుంది, ఏ చెయ్యి ఏ కాలు వెనకపడుతుందో అప్పట్నుంచే పట్టుకోవచ్చు అన్నారు.

ఏం పోయిందో. తన కొడుకు పోతయ్యకి ఏం పోయిందో ఎవరూ చూడలేదు. వాడికి మాడు ఉంది, జిగురు లేదు, మిషన్ లేదు, హుమ్మలో కన్నవారింట్లో ఉప్పు మళ్ళ గట్టు మీద కొట్టంలో, ఏప్రిల్ ఎండలో, ఏడో నెలలో పుట్టాడు. జగ్గమ్మ తండ్రి ఉప్పు మళ్ళలో కూలి. మంత్రసాని ముసలమ్మ వచ్చేసరికే వచ్చేశాడు, ఏడవలేదు, పిల్లి కూనలా మూలిగాడు. పత్తిలో చుట్టి, రొమ్ముల మధ్య పడుకోబెట్టుకుని బతికించింది, అందులో ఎవరూ వంక పెట్టలేదు. వంక గేలం దగ్గర వచ్చింది. ఇనుము లేదు. ఉప్పు మళ్ళ దగ్గర ఇనుము నిలవదు, మూడు నెలల్లో పొట్టు పొట్టుగా రాలిపోతుంది, అక్కడ పారలు కూడా చెక్కవే. కబురంది అప్పలరాజు గేలం పట్టుకొచ్చేసరికి నాలుగో రోజు. తర్వాత వాడు మెడ నిలపలేదు, కాళ్ళు కత్తెరలా ఒకదాని మీద ఒకటి బిగుసుకునేవి, పిడికిళ్ళు విప్పేవాడు కాదు, రెండేళ్ళకి కూడా పడుకోబెట్టిన చోటే ఉండేవాడు. గురువమ్మ తిట్టలేదు. తిడితే తిరిగి తిట్టి ఉండేది. ఆవిడ వాడి వైపు చూసి నాలుగు రోజులు అనేది, అంతే. కుండలో గంజి వారుస్తూ నాలుగు రోజులు. చచ్చిపోయే ముందు నీళ్ళు తాగించిన కోడలి మొహం చూసి కూడా ఆ మాటే అందో, లేక జగ్గమ్మకే అలా వినిపించిందో.

మూడేళ్ళప్పుడు లంజిపల్లిలో చేపలు కొనే మేస్టరు గారి భార్య, వాణ్ణి చంకలో చూసి, పెద్దాసుపత్రికి తీసుకెళ్ళమని చీటీ రాసిచ్చింది. అక్కడ ఒకాయన వాడి మోకాళ్ళు వంచి, చాచి, తుంటి దగ్గర తిప్పి చూపించాడు. ఇలా రోజుకి నాలుగుసార్లు అన్నాడు. ఇప్పుడా తెచ్చేది, మూడేళ్ళకా అన్నాడు. ఎప్పుడు తేవాలో ఎవరు చెప్పారు కనక. ఎనిమిదేళ్ళు చేసింది, బుట్ట దింపి, చేతుల నీచు వాసన పోకుండానే, ఎడమ మోకాలు, కుడి మోకాలు, తుంటి, పిడికిలి. ఏడో ఏట గోడకి ఆనించి పెడితే కూర్చున్నాడు. పదకొండో ఏట, వానాకాలంలో, జ్వరమొచ్చి పోయాడు. వాడు మాట్లాడలేదు గాని నవ్వేవాడు. అందరికన్నా ఎక్కువ అన్న శ్రీను నవ్వించేవాడు, ఇప్పుడు పారాదీప్‌లో బోట్ల మీదున్న శ్రీనే, అప్పుడు పదేళ్ళు. ఎక్కడ దొరికిందో గుండ్రటి నల్లటి రాయొకటి తెచ్చేవాడు, ఒడ్డున నల్లిసక మీద ఈడ్చేవాడు, ఇసకంతా లేచి రాయికి మీసాల్లా నిలబడేది. పోతయ్య పొట్ట మీద నల్లిసక పోసి, ఇసక మీద గుడ్డ పరిచి, పైన రాయి తిప్పితే గుడ్డ కింద ఇసక మెలికలు తిరుగుతూ నడిచేది, వాడు గొంతు పగిలేలా నవ్వేవాడు.

తలుపు తెరుచుకుంది. మిషన్ దగ్గర పనిచేసే కుర్రాడు బయటికొచ్చి, ఇంకో పది నిమిషాలు, ముసలాయన కదులుతున్నాడు అని ఒడియాలో చెప్పి, ఆటో ఆయన చేతిలో బండి తాళం ఊగుతుంటే చూసి, అది లోపలికి తేకు, లోపల మేగ్నెట్ అని మళ్ళీ వెళ్ళిపోయాడు. ఏటంటాడు అంది జగ్గమ్మ. ఆటో ఆయన పాన్ బుగ్గ మార్చాడు.

"మేగ్నెట్, పిన్నమ్మా. మైకుసెట్టు డబ్బా వెనకాతల గుండ్రంగా నల్లగా ఉంటాది సూడు, మేకులు అంటుకుంటాయి."

"సూదంటురాయేటి?"

"అదే. లోపలున్నది గదంత రాయి. మొన్నెవుడో జేబులో కత్తెర మరిసిపోయి ఎల్తే ఎగిరిపోయి మిషన్‌కి కరుసుకుందట. నలుగురు లాగితే గాని రాలేదట. మా అయ్యకి పన్నన్నా కట్టించలేదు, నయం."

గదంత సూదంటురాయి. శ్రీను రాయి అరచేతిలో పట్టేది, దానికే గుడ్డ కింది ఇసక లేచి నిలబడేది. గుడ్డ అడ్డం కాదు. గుడ్డ ఎప్పుడూ అడ్డం కాదు, పోతయ్య పొట్ట మీద ఎన్నిసార్లు చూసింది. మడత లోపల మడత, మూట లోపల గేలం, అదంతా తను కట్టిన లెక్క, రాయికి ఆ లెక్క తెలియదు. జగ్గమ్మ మొహం కదల్లేదు, బేరంలో దెబ్బతిన్నప్పుడు కూడా ఆ మొహం కదలదు. గేలం లేస్తుంది. మొలతాడుతో సహా లేస్తుంది. వల దారం అది, తెగదు, గేలం అటు లాగితే తాడు ఇటు పిల్లని కోస్తుంది. ఈ లోకానికి తగిలించడానికి కట్టింది ఎటు లాగుతుందో.

చెప్పాలి. చెప్తే నర్సు మడతలు విప్పుతుంది, విప్పితే లేస్తుంది, లేస్తే ఇరవై అయిదు రోజులు. చెప్పకుండా తియ్యాలి. జగ్గమ్మ కుడిచేతి చూపుడువేలు చీర మడతలోకి దూర్చింది. ఈ వేలితో బతికున్న జెల్ల నోట్లోంచి గేలం తీసింది, ముల్లు గుచ్చుకోకుండా, చేప అదరకుండా, ఎన్ని వేలు. వెచ్చటి పొట్ట తగిలింది, ఊపిరికి లేస్తూ దిగుతూ. తాడు తగిలింది. మూట తగిలింది. గోటితో ముడి గెలికింది. తనే వేసిన ముడి, వల ముడి, నీళ్ళలో బిగిసేది, విప్పుకోవడానికి వేసింది కాదు. లాగి చూసింది. పిల్ల కనుబొమలు ముడిచింది. వేలు ఆపేసింది. పిన్నీసు ట్రేలో ఉంది, ట్రే అలమరాలో ఉంది, తాళం నర్సు దగ్గరుంది. లోపల మోత ఆగింది. ముసలాయన దగ్గు వినిపించింది.

నాలుగు రోజులు అంది గురువమ్మ, ఎక్కడి నుంచో. ఇప్పుడు తీసేస్తే, అదీ సరిగ్గా ఇవాళ, ఏం పోయిందో చూసే గంటలో తీసేస్తే, ఆ బొమ్మలో తెలుపు కనపడితే, అది నువ్వు తీసినందుకే అని ఎవరంటారు. ఎవరూ అనరు, గురువమ్మ పోయి పద్దెనిమిదేళ్ళయింది. అనేది తనే. ముప్పై నాలుగేళ్ళుగా అంటున్నదీ తనే. పిల్ల పెదాలు నిద్రలో పాలు తాగుతున్నాయి.

"రింకీ. ఒక మాట సెప్తాను. కేకలెయ్యకు."

"ఏటి."

"దీని మొలకి గేలం ఉంది."

రింకి చూసింది. ఫైలు పక్కన పెట్టింది. మెడ మీద నరం పొంగింది, తండ్రికి పొంగినట్టే. "వస అన్నావు" అంది చివరికి, చాలా చిన్నగా.

"నాను అనలేదు. నువ్వనుకున్నావు."

"అమ్మా, లోపల..."

"తెలిసింది. ఇప్పుడే తెలిసింది. ముడి రావట్లేదు. దారం మనదే, వల దారం. తరవాత ఎంత తిడతావో తిట్టు, ఇప్పుడు మాత్రం కొరుకు."

రింకి బల్ల మీంచి దిగి నేలమీద మోకాళ్ళ మీద కూర్చుంది. జగ్గమ్మ రెండు వేళ్ళతో మడత అంగుళం విడదీసి, మూటని పైకి, పొట్టకి తగలకుండా పట్టుకుంది. రింకి తలవంచి, మొహం పక్కకి తిప్పి, కోరపంటితో దారం అందుకుంది. సముద్రం మొహమే చూడనని, వల ముట్టుకోనని, పట్నంలో కాపరమని ఎన్నిసార్లు దెబ్బలాడిందో ఈ పిల్ల, పంటికి మాత్రం ఎవరూ చెప్పక్కర్లేకపోయింది, చిన్నప్పుడు తండ్రి పక్కన కూర్చుని కొరికిన దారాలు ఎన్నో. పిల్ల కదిలింది. కాళ్ళు మడతలో తన్నాయి, మూతి ఏడుపుకి వంకరతిరిగింది. జగ్గమ్మ ఎడమ అరచెయ్యి దానంతటదే మాడు మీదకి వెళ్ళి ఆనింది, బరువు వెయ్యకుండా, వేడి మాత్రం తగిలేలా. మాడు కొట్టుకుంటోంది. ఉబ్బలేదు, దిగలేదు. మూతి ఇంకా వంకరగానే ఉంది, ఏడుపు రాలేదు, రాలేదు, సున్నా అయింది. టప్‌మని చిన్న చప్పుడు. రింకి తలెత్తింది, పెదాల మీద నల్లదారం పోగు.

అదే సమయానికి కమలాకుమారి వచ్చి, జగ్గమ్మ అరచేతిలో మూట చూసి, గోటితో నొక్కి చూసి, లోపలున్నదేమిటో తెలిసి, అలమరా తెరిచి దాన్ని ట్రేలో పడేసి మళ్ళీ తాళం వేసింది. ఆటో ఆయన పాన్ నమలడం ఆపేశాడు.

"ఇంకా ఏటన్నా ఉందా?"

"లేదమ్మా."

"ఒట్టు?"

"పుస్తెలు నీ అలమరాలోనే ఉన్నాయి. ఇంక దేని మీద ఎయ్యమంటావు ఒట్టు."

నర్సుకి నవ్వొచ్చింది, నవ్వలేదు. చీర ముక్క మీద మోకాళ్ళ దగ్గర్నుంచి మెడ దాకా తన చేత్తో తడిమి చూసింది, మళ్ళీ తడిమింది. ఏటైపోయేదో తెలుసా అంది. తెలుసు అంది జగ్గమ్మ. నిజంగానే తెలుసు, ఆ గదిలో ఉన్న అందరికన్నా బాగా, నల్లిసక చూసిన కళ్ళు.

లోపల చలి. గదంత రాయి తెల్లగా, నున్నగా, మధ్యలో గుండ్రటి కన్నంతో ఉంది. పిల్ల చెవుల్లో దూది, పైన మెత్తటి టోపీ. తన చెవుల్లో కూడా ఏదో మెత్తటిది కుక్కారు, అయినా మోత లోపలికి వచ్చేసింది. డబడబ, ఖణఖణ, తెప్ప దుంగలకి మేకులు దిగేస్తున్నట్టు, ఆగి, మళ్ళీ. పిల్ల లేస్తుందనుకుంది. లేవలేదు. అరవై రోజులు మిషన్ల మోతలో పెరిగిన పిల్లకి ఇంట్లో నిశ్శబ్దమే కొత్త, ఈ మోత పాత చుట్టం. జగ్గమ్మ కన్నం అంచు దగ్గర స్టూలు మీద కూర్చుని పాదాల మడత మీద చెయ్యి వేసి ఉంచింది. మెడలో పసుపుకొమ్ము తప్ప ఏమీ లేదు. అప్పలరాజు ఈపాటికి ఒడ్డెక్కి ఉంటాడు. అరచెయ్యి ఖాళీగా ఉంది. ఇప్పుడు పిల్లని ఈ లోకానికి తగిలించి ఉంచినది ఏమిటి అని ఆలోచించింది, తన చెయ్యొక్కటే కనిపించింది, ఇంకా ఆలోచిస్తే రింకి పాలు కూడా, గాజుపెట్టెలో అరికాలి మీద తట్టిన ఆ నర్సు వేలు కూడా, సరే, చాలా ఉన్నాయి.

గంట తర్వాత డాక్టర్ తెర ముందు కూర్చోబెట్టాడు. చిన్నవాడు, ఒడియా ఆయన, నెమ్మదిగా మాట్లాడతాడు, జగ్గమ్మకి ఒడియా చేపల బేరానికి సరిపోయేంత వచ్చు, తలకాయ బేరానికి చాలదు, అందుకని నర్సు తెలుగులో చెప్పింది. తల అడ్డంగా కోసిన కాయలా పొరలు పొరలుగా కనిపిస్తోంది. ఎడమవైపు బాగుంది, మడతలు రావలసినట్టే వచ్చాయి. కుడివైపు నీళ్ళగది పక్కన చిన్న గుంట, రక్తం పాకిన చోట కొంత పోయింది, అది తిరిగి రాదు. కుడివైపు పోతే ఎడమ కాలికి వస్తుంది, చేతికి కూడా కొంచెం. నడుస్తుందా అంది రింకి. చాలామంది నడుస్తారు, ఆలస్యంగా, కుంటుతూ అయినా, చూస్తూ ఉండాలి, ఇప్పుడే మాట ఇవ్వలేను అన్నాడు. రింకి ఏడవలేదు, ఫైలు అంచు మడతపెట్టి విప్పి మడతపెట్టింది.

జగ్గమ్మ నర్సు వైపు తిరిగింది. ఒకటి అడుగు. పుట్టిన రాత్రి ఇనుం కట్టకపోతే ఇలగవుతాదా, నాలుగు రోజులు ఆలీసమైతే. నర్సు అడిగింది. ఏ నాలుగు రోజులు అన్నాడు డాక్టర్, పిల్ల కాగితాలు తిరగేస్తూ. ఇది కాదు, ఇంకో పిల్లడు అంది జగ్గమ్మ, ముప్పై నాలుగేళ్ళయింది, ఏడో నెలలోనే పుట్టాడు, కాళ్ళు ఇలాగ బిగుసుకునేవి. రెండు చేతుల వేళ్ళూ కత్తెరలా పెట్టి చూపించింది. డాక్టర్ ఆ వేళ్ళని చూశాడు. అతన్ని నేను చూడలేదు, చూడకుండా రోగం పేరు చెప్పలేను అన్నాడు. కానీ ఆ నెలలో ఆ నరాలు తడిసిన కాగితంలా ఉంటాయి, చాలామందికి మొదటి మూడు రోజుల్లోనే చిట్లుతాయి. ఇనుముతో ఏ సంబంధమూ లేదు. కట్టినా, కట్టకపోయినా. నర్సు ఆ చివరి మాట రెండుసార్లు చెప్పింది. కట్టినా, కట్టకపోయినా. జగ్గమ్మ తలూపింది. మొదటి మూడు రోజుల్లోనే. అప్పలరాజు గేలంతో హుమ్మ బస్సు దిగేసరికే అయిపోయి ఉంటుంది. సరే అంది, ధర కుదిరినప్పుడు అన్నట్టు.

ఏం చెయ్యాలి అంటే పక్క గదిలో చూపిస్తారు అన్నారు. వెళ్ళే ముందు నర్సు ట్రే ఇచ్చింది. పుస్తెలు మెడలో వేసుకుంది, పుడక, దుద్దులు, మెట్టెలు. ట్రే అడుగున నల్లమూట మిగిలింది. రింకి దాన్ని తీసి, కుట్టు విప్పి చూసి, తన పర్సులో వేసుకుంది. నాన్నకిచ్చేస్తాను, మొన అరగదీసి పాడుచేసాడు గాని దేనికో పనికొస్తాది అంది. ఇంకా తిట్టలేదు, బస్సులో తిడుతుంది, అరవై రోజులు కిటికీ చువ్వకి వేలాడిన సంగతి కూడా బయటికి లాగుతుంది, అప్పుడు చాలాసేపు తిడుతుంది.

పక్క గదిలో నీలం చాప మీద పిల్లని పడుకోబెట్టి, మడతలు విప్పారు. లేచింది, ఇప్పుడు లేవచ్చు, కళ్ళు విప్పి దీపం వైపు చూసింది. ఒకమ్మాయి ఒడియాలో మెల్లగా చెప్తూ, గుడ్డ బొమ్మ ఎడమ మోకాలు వంచి చూపిస్తోంది, నర్సు తెలుగులో చెప్పబోయింది. చెప్పక్కర్లేకపోయింది. జగ్గమ్మ చాప అంచున కూర్చుంది, రెండు అరచేతులూ రుద్ది వెచ్చచేసింది, పిల్ల ఎడమ కాలు అందుకుంది. బొటనవేలు అరికాలి కింద, నాలుగు వేళ్ళు పిక్క వెనక, మోకాలు పొట్ట వైపు, ఆపి, నెమ్మదిగా చాచి, తుంటి దగ్గర చిన్న తిప్పు. ఆ అమ్మాయి బొమ్మ దించేసి, నేర్పిందెవరు అంది. జగ్గమ్మ వినలేదు, లెక్కపెడుతోంది. ఒకటి, రెండు, మూడు. చేతులకి దారి తెలుసు. ఈసారి మూడేళ్ళు ముందే బయల్దేరాయి.